చెన్నమ్మ యను పేరు చేసిన నేరమేమి?

నల్లమల తూర్పుటంచున మార్కాపురము మొదలుకొని కంభము, గిద్దలూరు వఱకు గల సీమలో చెన్నమ్మ లేని పల్లె యొకప్పుడు అరుదు. ఒక్కొక్క వీధిలో ఇరువురు ముగ్గురుండుటచేత పెద్దచెన్నమ్మ, చిన్నచెన్నమ్మ, గట్టుమీది చెన్నమ్మ, బావికాడి చెన్నమ్మ యని గుఱుతు చేర్చి పిలుచుచుండెడివారు. నేడు ఆ పేరు గలవారిని చూడవలెనన్న తల నెరసిన యవ్వల నడుమ వెదకవలయును. జూనుమాసమున బడిలో చేర వచ్చు బాలికలలో చెన్నమ్మ యనునది వినబడుట మిక్కిలి యరుదైనది. ఎచ్చటనైన నొకతె యుండెనేని, ఆ పేరు ఇంటిలో నవ్వ తృప్తికై పెట్టినది. బడికి వేఱొక పేరు సిద్ధముగా నుండును.

పేర్లు పుట్టుచుండును, మాసిపోవుచుండును. ఒకకాలపు వేడుక మఱొకకాలమునకు నచ్చవలెనను నియమము లేదు. కాకతీయుల నాటి స్త్రీలపేర్లు త్రిపురాంతకపు శాసనములలో నున్నవి. అవి నేటివారు పెట్టుకొనకున్న నెవరును వగవరు. కాబట్టి యొక పాతపేరు వాడుక తప్పినదను విచారముతో నే నీ వ్యాసమును వ్రాయుట లేదు. చెన్నమ్మ యను పేరు కాలము తీరి పోయినది కాదు. మనము సిగ్గుపడి దాచినది. ఆ సిగ్గు ఎచ్చటనుండి వచ్చినది, అది యెవరిని జూచి పడిన సిగ్గు అనుటయే యిచ్చట విచారింపదగినది.

మొదట అర్థమును జూతము. చెన్ను అనగా అందము, సొగసు, ఒప్పిదము. బ్రౌనుదొర నిఘంటువు తెఱచినను, శబ్దరత్నాకరము తెఱచినను ఇదియే కానవచ్చును. చెన్నగు, చెన్నొందు, చెన్నారు అను ప్రయోగములు మన కావ్యములలో కొల్లలు. కన్నడమువారు నేటికిని బాగున్నదనుటకు ‘చెన్నాగిదె’ యందురు. మనము కావ్యములలో దాచిపెట్టిన మాటను వారు దినదినము నాలుకపై నుంచుకొన్నారు. ఈ చెన్నునకు అమ్మ చేరినప్పుడు చెన్నమ్మ యైనది. పొత్తిళ్లలోని పసికందును సైతము ‘అమ్మా’ యని పిలుచుట మన తెలుగువారి సంస్కారము. అందమును, తల్లితనమును రెండు చిన్నమాటలలో కూర్చిన యీ పేరున అర్థదోషము గాని శబ్దదోషము గాని యెవరు చూపగలరో చూపవలయును.

ఇదే యర్థము గల సౌందర్య, సురూప, లావణ్య మొదలగు పేర్లు పెట్టుకొనుటకు మనలో నెవరికిని సిగ్గు లేదు. ఉండవలసిన పనియు లేదు. అవి చక్కని పేర్లు. కాని లావణ్యశబ్దము లవణమునుండి పుట్టినదని సంస్కృతము చదివిన బాలునకు సైతము తెలియును. లవణమనగా ఉప్పు. ఉప్పదనమను నర్థమునుండి క్రమముగా అందమను నర్థము వచ్చినది. ఉప్పునుండి పుట్టిన మాట నాగరకమై, అందమే తానైన మాట మోటయైనదనిన, ఆ మోటతనము మాటలో లేదని తేటపడుట లేదా? అది వినువాని చెవిలో నున్నది.

ఇంక మన సీమకును ఈ పేరునకును గల సంబంధము. మార్కాపురమున లక్ష్మీచెన్నకేశవస్వామి దేవాలయమున్నది. స్థలకథనుబట్టి మారిక యను గొల్లవనిత స్వామికి పాలు సమర్పించి కొలిచెననియు, ఆమె పేరుననే యూరు మారికాపురమై, పిమ్మట మార్కాపురమైనదనియు పెద్దలు చెప్పుదురు. పాలమ్ముకొను స్త్రీ పేరుతో ఊరు వెలసెనని చెప్పుకొనుటకు వెనుకటివారు సిగ్గుపడలేదు సరిగదా, గర్వపడిరి. మనకుత్తరముగా పల్నాటిలో మాచెర్లయందును చెన్నకేశవుడే. ఆ స్వామి భక్తుడైన బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని పల్నాటి కథ చెప్పుచున్నది. కన్నడదేశమున బేలూరిలో హొయసలరాజు విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠించిన దేవుడును నేడు చెన్నకేశవుడే.

ఇది వైష్ణవులపేరు, గుడిచుట్టు తిరుగు పేరు, సంస్కర్తలకు దీనితో నేమి పని యని కొందఱనవచ్చును. వారు నల్లమల కావలివైపు చూడవలయును. శ్రీశైలమునకు తూర్పువాకిలి మన త్రిపురాంతకము. ఆ శ్రీశైల మల్లికార్జునుని అక్కమహాదేవి పండ్రెండవ శతాబ్దమున ‘చెన్నమల్లికార్జునా’ యని పిలిచి, ఆ పిలుపునే తన వచనములకు ముద్రగా నుంచినది. ఆ కాలమువాడే యైన వీరశైవాచార్యుని పేరు చెన్నబసవన్న. కాబట్టి చెన్ను అను మాట ఒక గుడికి గాని, ఒక మతమునకు గాని చెందినది కాదు. విష్ణువును మెచ్చినవాడును శివుని మెచ్చినవాడును అందమును జెప్పుటకు ఒకేమాట వెదకికొనిరి. జనుల నాలుకయందున్న మాటను దేవుళ్లు స్వీకరించిరి గాని దేవుళ్లనుండి జనులు అరువు తెచ్చుకొనలేదు.

ఈ పేరు గల స్త్రీలు చరిత్రలో నేమి చేసిరో చూతము. పదునేడవ శతాబ్దము చివరిభాగమున కెళది రాజ్యమును రాణి చెన్నమ్మ యేలినది. 1689లో శివాజీ కుమారుడైన రాజారాము మొగలాయీల చేజిక్కకుండ జింజికి పోవుచు దారిలో ఆశ్రయము కోరగా, ఔరంగజేబు ఆగ్రహమునకు వెఱవక ఆమె యిచ్చినది. దానికై దండెత్తివచ్చిన మొగలాయీసేనల నెదిర్చి నిలిచినది. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ, దత్తస్వీకారమును కుంపిణీవారు ఒప్పుకొననప్పుడు కోట తలుపులు మూసి యుద్ధము చేసినది. ఆ సంవత్సరము అక్టోబరున జరిగిన పోరాటములో ధార్వాడ కలెక్టరు థాకరే మరణించెను. పిమ్మట కోట పట్టుబడగా ఆమెను బైలహొంగలలో బంధించిరి; 1829లో అచ్చటనే కన్నుమూసినది. ఇది 1857 నాటి తిరుగుబాటునకు ముప్పదిమూడేండ్లు ముందటి మాట. 2007లో ఆమె విగ్రహమును పార్లమెంటు ఆవరణమున ప్రతిష్ఠించిరి. విగ్రహమునకు పూలదండ వేయుటకు పనికివచ్చిన పేరు మనబిడ్డను పిలుచుటకు పనికిరాలేదు!

మఱియొక విచిత్రము. దామెర్ల చెన్నప్పనాయకుని పేరుననే చెన్నపట్నము వెలసెనని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. 1639లో ఆంగ్లేయులకు ఆ భూమి నిచ్చినవాడు ఆ చెన్నప్ప కుమారుడు. 1996లో ఆ మహానగరము మద్రాసను పేరును విడిచి చెన్నై యను పేరును ధరించినది. దేశములోని పెద్దనగరములలో నొకటి కోరి తెచ్చుకొన్న మాటను, దానికర్థము చక్కగా తెలిసిన తెలుగుతల్లులు తమ కూతుండ్ర మెడలోనుండి తీసివేయుచున్నారు.

ఇట్లన్నంతనే ‘కాలముతోబాటు పేర్లు మాఱవా?’ యని ప్రశ్న వచ్చును. మాఱుటయే నిజమైనచో పురుషుల పేరును మాఱవలయును గదా. చెన్నకేశవులు, చెన్నకేశవరెడ్డి, చెన్నారెడ్డి యను పేర్లు నేటికిని నిర్భయముగా సంతకములలో నున్నవి. 2002లో వచ్చిన యొక చలనచిత్రమున వీరాధివీరుడైన కథానాయకునకు చెన్నకేశవరెడ్డి యని పేరుపెట్టి, దానినే చిత్రమునకును పేరుగా నుంచిరి. ప్రజలు మెచ్చిరి. అదే మాట ఆడుదాని పేరైనప్పుడు మాత్రము మన సినిమాలకును నాటకములకును పనికత్తె కావలెను, లేకున్న నవ్వించు గయ్యాళి కావలెను. ధాతువొక్కటే, అర్థమొక్కటే, ఊరొక్కటే. మగవానికి మీసమైనది, ఆడుదానికి మసియైనది. ఇది కాలము చేసిన మార్పా?

శాస్త్రము నాశ్రయించువారును గలరు. బిడ్డకు పేరు సంస్కృతముననే యుండవలెనని వారి వాదము. మనుస్మృతిని తెఱచి చూచినచో రెండవ యధ్యాయమున స్త్రీల పేరు సుఖముగా పలుకదగినదియు, కఠినము కానిదియు, అర్థము స్పష్టమైనదియు, మనస్సున కింపైనదియు, మంగళకరమైనదియు, తుదను దీర్ఘము గలదియు, దీవెనవలె నుండునదియు కావలెనని యున్నది. తుదను దీర్ఘము లేదను నొక్కలోపము తప్ప చెన్నమ్మకు తక్కిన గుణము లన్నియు గలవు. ‘చెన్నమ్మా’ యని పిలిచినంతనే ఆ లోపమును తీరును. ఆ గ్రంథముననే మూడవ యధ్యాయమున నక్షత్రముల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు గల కన్యను వివాహమాడరాదని యున్నది. రోహిణి, రేవతి, తులసి, గంగ, గోదావరి యను పేర్లు గల మన యాడుబిడ్డలకు పెండ్లిండ్లు కాకుండ ఆపినవారెవరు? నచ్చనిచోట శాస్త్రమును మూసి, నచ్చినచోట తెఱచువారు దాని పేరు చెప్పి పేదవాని పేరును వెక్కిరింపరాదు.

మఱి యీ సిగ్గు ఎట్లు పుట్టినది? మన పల్లెలలో నీ పేరునకు మూడు రూపములుండెను. ఉన్నతకులముల కలవారి యిండ్లలో పత్రములయందు చెన్నమాంబ. సంసారుల యిండ్లలో చెన్నమ్మ. కూలి చేసికొను స్త్రీకి చెన్ని. కాలూనక పరుగెత్తి కళ్లములో పనిచేయు ముదుసలిని పదేండ్ల కామందు కుమారుడు ‘ఓసి చెన్నీ’ యని పిలుచుట మన పెద్దలందఱును విన్నదే. తల్లిదండ్రులు ప్రేమతో చేర్చిన ‘అమ్మ’ను మన నోళ్లు కోసివేసినవి. తరతరములుగా నట్లు కోసి పిలిచి పిలిచి, తుదకు పేరే తక్కువదని తీర్మానించితిమి. కత్తి మనది, గాయము పేరుది, నేరము కూడ పేరుదే!

ఈ తీర్మానము అణగినవారి మనస్సులలో కూడ ఎంతలోతుగా దిగినదో నేనొక తల్లి నోట విన్నాను. బిడ్డను బడిలో చేర్ప వచ్చిన యామె, ‘అయ్యవారూ, ఇంట్లో మా అత్త పేరు పెట్టుకున్నాము. బడిలో మాత్రం ఏదైనా మంచి పేరు రాయండి’ అన్నది. ‘చెన్నమ్మ మంచిపేరు కాదా తల్లీ?’ యని యడిగితిని. ‘మంచిదే గానయ్యా, కూలికి పోయేవాళ్ల పేరు గదా’ అన్నది. ఆమెయు కూలికి పోవునదియే. పదునైన వాదములు వ్రాయు పండితులకంటె ఆమె విషయమును సూటిగా చెప్పినది. పేరు మంచిది, మోయువారు కూలివారు, కాబట్టి మార్చవలెను. ఇంతకుమించి కారణము లేదు. మనము చెన్నమ్మ యను మాటను చూచి సిగ్గుపడుట లేదు. ఎండలో పనిచేసి నల్లబడిన చేతిని చూచి సిగ్గుపడుచున్నాము.

ఆ చేయి ఏమి చేసినదో మార్కాపురమువారికి చెప్పనక్కఱలేదు. ఈ యూరి పలకలు ఒకప్పుడు దేశమంతట బడిపిల్లల చంకలలో నుండెడివి. ఎక్కడెక్కడి బిడ్డలో వాటిపై తమ పేరులు తాము దిద్దుకొనిరి. ఆ రాయిని తీసి, చీల్చి, నునుపుచేసి, చట్రము బిగించిన వారిలో స్త్రీలును గలరు. పరుల పిల్లలకు అక్షరములు వ్రాసికొను తావిచ్చి, తమ పేరు తాము వ్రాయనేరక వేలిముద్ర వేసిన చెన్నమ్మ లెందఱో! వారి మనుమరాలు చదువుకొని యవ్వ పేరును తనపేరుగా వ్రాసినచో, అది యొక యప్పు తీర్చినట్లగును. చదువు వచ్చినంతనే ఆ పేరును చెరిపివేయుట నేర్చితిమేని, ఆ చదువు దేనికి?

పేరు మార్చుటయే సంస్కారమగు సందర్భములు లేవని నేను చెప్పుట లేదు. మహారాష్ట్రమున సతారాజిల్లాలో కొందఱు తల్లిదండ్రులు ఆడుబిడ్డలకు ‘నకుశా’ యని పేరుపెట్టుచుండిరి. అక్కఱలేనిది యని దాని యర్థము. 2011లో అచ్చటి యధికారులు రెండువందలకు మించిన అట్టి బాలికలకు వారు కోరిన క్రొత్తపేర్లు పెట్టించిరి. అది మెచ్చదగిన కార్యము. ఏలయన ఆ పేరు మోసినదానినే అది యవమానించుచుండెను. మన తెలుగుదేశముననే పిల్లలు దక్కని తల్లులు, మృత్యువు కన్ను పడకుండుటకై పెంటమ్మ, పుల్లమ్మ యని పేర్లు పెట్టెడివారు. ఆ పేర్ల వెనుక నున్నది తల్లి భయము. ఆ భయమునకు వైద్యము వచ్చినది, ఆ పేర్లు మఱుగుపడుచున్నవి, మంచిదే. కాని చెన్నమ్మ యట్టిది కాదు. బిడ్డను అవమానించు పేరు వేఱు, లోకము అవమానించిన పేరు వేఱు. మొదటిదానిని మార్చుట సంస్కారము. రెండవదానిని మార్చినచో లోకమునకు జయమిచ్చి బిడ్డచేత క్షమాపణము చెప్పించినట్లగును. ఈ భేదము నెఱుగని సంస్కర్త తెలియకయే బలవంతుని పక్షమున నిలుచును.

‘ఇది యంతయు సత్యమే, కాని పిల్లను తోడివారు వెక్కిరించినచో ఆ బాధ యెవరు పడుదురు? మా వాదము నిలుపుకొనుటకు బిడ్డను బలిపెట్టవలెనా?’ యని తల్లిదండ్రులు అడుగుదురు. ఈ యాక్షేపణను నేను తేలికగా తీసికొనను. పిల్లల నోటి మాట గట్టిగా తగులును. అందుచే ఇష్టములేనివారు ఈ పేరు పెట్టుకొనవలెనని నేనెవరిని నిర్బంధింపను. కాని వెక్కిరించుట పిల్లలకు పుట్టుకతో రాదు. ఇంటిలో పెద్దలు పనిమనిషిని పిలుచు తీరు విని నేర్తురు; తెరపై నవ్వు చూచి నేర్తురు; ఒక్కొక్కచోట హాజరుపట్టీ చదువు ఉపాధ్యాయుని పెదవి విఱుపునుండియు నేర్తురు. వెక్కిరింపబడిన బిడ్డ పేరు మార్చుట సులభము, వెక్కిరించినవాని బుద్ధి మార్చుట కష్టము గనుక, మనము సులభమైనదానిని చేసి ఊరకుంటిమి. కుంటివానిని చూచి నవ్వినచో నవ్వినవానిని దండింతుము గాని కుంటివానిని వీధిలోనికి రావలదనము గదా!

ఉపాధ్యాయులకు నా మనవి యొకటి గలదు. బడిలో చేర్చుకొనునాడు బిడ్డ పేరును మీ యభిరుచినిబట్టి దిద్దరాదు. చెన్నమ్మను చందనగా, చైతన్యగా మార్చి వ్రాయుట పుణ్యకార్యమని కొందఱు తలంచుచున్నారు. జననపత్రములో నొకపేరు, ఆధారు కార్డులో నొకపేరు, పదవతరగతి పత్రములో మఱొకపేరు పడినచో ఆ బిడ్డ రేపు విద్యార్థివేతనమునకు పోయినను, ఉద్యోగమునకు పోయినను తాను తానేయని రుజువు చేసికొనవలసి వచ్చును. దిద్దుకొనుటకు కచేరీల చుట్టు తిరిగి, గెజెట్టు ప్రకటన వఱకు పోవలసి వచ్చును. తీరిక గలవాడు తిరుగగలడు. దినకూలి మానుకొని తిరుగువారి బాధ యెవరెఱుగుదురు? మార్పు కోరి వచ్చిన తల్లికి మొదట ఆ పేరున కర్థమును, కిత్తూరు కథను చెప్పుడు. విన్నపిమ్మట కూడ మార్పు కావలెనన్న అది యామె యిష్టము. వినకమునుపే మార్చుట మన దౌర్జన్యము.

గృహిణులకును మనవి గలదు. మన యిండ్లలో కోడలు అత్తపేరు పలుకరాదను నాచారముచే, అవ్వ పేరు పెట్టిన మనుమరాలిని పాప, చిన్నమ్మి, బుజ్జి యని పిలిచి కాలము గడుపుదురు. పేరు పత్రముల పాలు, పిలుపు మఱొకదాని పాలు. అత్తగారి పేరెత్తిన మాత్రమున మర్యాద పోదు. నోరార పిలిచినచో ఆ ముదుసలి మురియును, బిడ్డయు తనపేరు దాచదగినది కాదని తెలిసికొనును. మీ యింట అంట్లు తోము స్త్రీ పేరు చెన్నమ్మ యైనచో, ఆమెను ముక్క కోయక పూర్తిగా చెన్నమ్మా యని పిలువుడు. పిల్లలచేత చెన్నమ్మగారని పిలిపింపుడు. పేరునకు గౌరవము తెచ్చు మార్గము నామకరణపు పళ్లెములోని బియ్యము మీద కాదు, పెరటిలోని యీ పిలుపుతోనే మొదలగును. ఈ పని చేయక, వేడుకకై తమ బిడ్డకు పాతపేరు పెట్టుకొని మురియువారివలన ఆ కూలితల్లికి కలుగు మేలేమియు లేదు.

రాబోవు జూనులో బడులు తెఱచునాటికి ఎక్కడో యొక తల్లి బిడ్డ చేయిపట్టుకొని వచ్చి, పేరేమని యడిగినప్పుడు చెన్నమ్మ యని చెప్పి తలవంచుకొని నిలుచును. అప్పుడు కలము చేతబట్టినవాడు పెదవి విఱువక, మాఱు పేరు సూచింపక, ఆ మూడక్షరములను వంకర లేకుండ వ్రాసి, చదివి వినిపింపవలయును. ఆ తల్లి తల యెత్తునట్లు చేయుటకు అంతకంటె పెద్ద ఖర్చు లేదు.